మందుపాతర తీసేవాడూ, మన సినిమా సైనికుడూ

మన సినిమాల్లో సైనికులకు కొదవలేదు. 1982లో "బొబ్బిలిపులి" వచ్చింది. 1993లో "మేజర్ చంద్రకాంత్", 2011లో "పరమవీరచక్ర", 2015లో "కంచె" వచ్చాయి. 2022లో వొక్క ఏడాదిలోనే "మేజర్", "సీతారామం" రెండూ వచ్చాయి. ఇవిగాక సెలవుమీద ఊరికి వచ్చి రౌడీలపని పట్టి మళ్లీ సరిహద్దుకు వెళ్లిపోయే సైనికులు ఎందరో వున్నారు. వీళ్లలో కొందరు ప్రేమిస్తారు, కొందరు ప్రభుత్వం మీదనే తిరగబడతారు, దాదాపు అందరూ కాలుస్తారు. పనిచేసే సైనికుడు మాత్రం నేను చూసిన వాటిలో కథానాయకుడుగా కనిపించలేదు.

పనిచేసే సైనికుడంటే ఎవరని పాఠకులు అడగవచ్చు. యుద్ధంలో కాల్పులకు పట్టే కాలం కొంచెం, పనికి పట్టే కాలం ఎక్కువ. సైన్యం ముందుకు పోవాలంటే ఏటిమీద వంతెన కట్టాలి. వెనక్కు తగ్గవలసివస్తే అదే వంతెనను పేల్చాలి. ఎడారిలో తాగేనీళ్లు పుట్టించాలి, బురదలో రోడ్డు వేయాలి, శత్రువు దారిపొడుగునా పాతిపెట్టిపోయిన మందుపాతరలను వెదికి తీయాలి. ఈ పనులన్నీ చేసే సైనిక ఇంజనీర్లను సాపర్లంటారు. పూర్వం శత్రువు కోటగోడ కిందికి కందకం తవ్వుకుంటూ పోయేవాడికి వచ్చిన పేరది. అంటే పుట్టుకతోనే అది మట్టిపని చేసేవాడి పేరు. మన వైపు ఈ పనివాళ్ల చరిత్ర 1780లో మద్రాసు సెయింట్ జార్జి కోటలో మొదలయింది. ఆనాడు రెండు కంపెనీల పయనీర్లుగా చేర్చుకున్నవాళ్లే తరువాత మద్రాస్ సాపర్స్ అనే దళమైనారు. బెంగుళూరు వాళ్ల కేంద్రం. ఆ దళంలో తమిళులతోబాటు తెలుగువాళ్లూ మొదటినుంచీ వుంటూ వచ్చారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం "మిలిటరీ మాధవరం" అంటారు. ఇంటింటికీ సైనికుడున్న అలాంటి ఊరు మనకుండగా సైనికుడి నిజజీవితం మనకు తెలియదనటానికి వీల్లేదు. తెలుసు. కాని తెరమీదికి ఎక్కింది ఆ జీవితం కాదు.

తెరకెక్కనిది ఎలా వుంటుందో చెప్పాలంటే వొక మనిషి కథ చెప్పాలి. 1941 జనవరి చివర సూడాన్, అబిసీనియా సరిహద్దులోని మెటెమ్మాను ఇటాలియన్లు వదిలిపెట్టి గోండార్ దిశగా వెనక్కు తగ్గారు. వెంటబడిన భారత సైన్యానికి ముందు నడవవలసినవాడు బాంబే సాపర్లకు చెందిన 21వ ఫీల్డ్ కంపెనీలోని సెకండ్ లెఫ్టినెంట్ ప్రేమీంద్రసింగ్ భగత్. గోరఖ్‌పూర్‌లో పుట్టినవాడు, అప్పటికి 22 ఏళ్లవాడు. ఇటాలియన్లు తాము పోయిన దారినిండా మందుపాతరలు పాతిపోయారు. చేతబట్టుకు తిరిగే మైన్ డిటెక్టర్ అప్పటికింకా యుద్ధరంగాల్లో విరివిగా వాడుకలోకి రాలేదు. అది లేకుండా మందుపాతర తీయటమంటే మట్టి కదిలిన జాడను కంటితో పట్టటం, బాయినెట్ మొనతో ఏటవాలుగా పొడిచి చూడటం, తగిలినదాని చుట్టూ మన్నును వేళ్లతో తోడటం. జనవరి 31 మొదలు ఫిబ్రవరి 4 దాకా భగత్ ఈ పని చేశాడు. 55 మైళ్ల దారిలో 15 మందుపాతరల క్షేత్రాలను, 96 గంటల్లో, తెల్లవారినది మొదలు చీకటిపడేదాకా.

రెండుసార్లు అతనెక్కిన వాహనం మైనుమీద పేలింది. పక్కనున్నవాళ్లు దెబ్బతిన్నారు. మూడోసారి మాటువేసిన శత్రువు దగ్గరనుంచే కాల్చాడు. పేలుళ్లకు వొక చెవి కర్ణభేరి చిల్లిపడింది. మనిషి అలిసిపోయాడు, వేరేవాణ్ణి పంపుతామన్నారు. భగత్ వొద్దన్నాడు. అతను చెప్పిన కారణం విక్టోరియా క్రాస్ ఇచ్చినప్పటి అధికార ప్రకటనలోనే వుంది. ఇన్నాళ్లు చేసి ఇప్పుడీ పని తనకు బాగా పట్టుబడింది, కాబట్టి చివరిదాకా చేయటానికి మరొకరికన్నా తానే తగినవాడు అన్నాడట.

ఈ జవాబును గురించి కొంచెం ఆలోచించాలని విద్యార్థి మిత్రులకు నా మనవి. ఇందులో దేశంకోసం ప్రాణమిస్తానన్న మాట లేదు. చక్రవర్తి పేరు లేదు, రక్తం మరగటం లేదు. మగ్గంముందు కూర్చున్న నేతగాడు, మరకు అలవాటుపడిన ఫిట్టరు, "నువ్వు జరుగు, దీని సంగతి నాకు తెలుసు" అన్నప్పుడు ఎలాంటి మాట వస్తుందో అలాంటి మాట ఇది. పనితనంలోనుంచి పుట్టిన ధైర్యం. భయంలేనివాడు మందుపాతర తీయలేడు, మొదటి గంటలోనే పోతాడు. భయాన్ని దగ్గర పెట్టుకుని, దాన్నే కొలబద్దగా వాడుకుంటూ, వేళ్లు వణకకుండా చూసుకునేవాడు తీస్తాడు. పైగా అతని పని బాగా జరిగిందనటానికి రుజువు ఏమీ జరగకపోవటమే. వెనకాల లారీ క్షేమంగా వెళ్లిపోతుంది. అందులోవాళ్లు బీడీలు కాల్చుకుంటూ, తిట్టుకుంటూ పోతారు. దారి ఎవడు బాగుచేశాడో అడగరు.

మన సినిమా హీరో ధైర్యం దీనికి సరిగ్గా తలకిందులు. ఏదో వొకటి పేలితేనే అతని ధైర్యం రుజువవుతుంది. అతను తాకినచోట అగ్గి లేస్తుంది. వాహనాలు గాలిలోకి ఎగురుతాయి. అతను వెనుదిరిగి చూడకుండా నడిచి వస్తాడు. మందుపాతర పేలితే సాపర్ వోడిపోయినట్టు, పేలకపోతే మన హీరో వోడిపోయినట్టు!

"కంచె" విషయానికి వస్తాను. రాధాకృష్ణ జాగర్లమూడి తీసిన ఈ చిత్రాన్ని తేలికగా తీసిపారేయటానికి వీల్లేదు. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగుచిత్రంగా దానికి జాతీయ బహుమతి వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధాన్ని తెలుగుకథకు నేపథ్యం చేసుకోవటమే పెద్ద సాహసం. అంతకన్నా పెద్ద సాహసం ఆ ఇతివృత్తంలో వుంది. ఊరి మంగలి మనుమడు ధూపాటి హరిబాబు, జమీందారీ ఇంటిపిల్ల సీతను ప్రేమిస్తాడు. ఊరు రెండుగా చీలి మధ్యలో ముళ్లకంచె లేస్తుంది. ఆ గొడవలో సీత చనిపోతుంది. హరిబాబు సైన్యంలో చేరి ఇటలీలో పోరాడతాడు, సీత అన్న ఈశ్వర్ అదే సైన్యంలో అతనికి పై అధికారి. జర్మన్ల జాతిదురహంకారాన్నీ మన కులదురహంకారాన్నీ వొకే చిత్రంలో ఎదురెదురుగా నిలబెట్టటం, యూదురక్తం వున్నదని చంటిబిడ్డను చంపబోయేవాడికీ కులం తక్కువని ప్రేమికుణ్ణి తరిమేవాడికీ చుట్టరికం వుందనటం, వ్యాపారచిత్రాల మధ్య నిజంగా అరుదైన విషయం. ఈ చిత్రాన్ని మెచ్చుకున్నవాళ్లలో నేనూ వున్నాను, ఇప్పటికీ మెచ్చుకుంటాను.

అయితే ఆ చిత్రం పేరే "కంచె". కంచె అనేది వొక భావం మాత్రమే కాదు. దానికి గుంజలుంటాయి, ముళ్లతీగ వుంటుంది, గుంజ పాతినవాళ్లుంటారు, తీగ బిగించినవాళ్లుంటారు. యుద్ధంలో ముళ్లకంచె కట్టేవాడు సాపర్, ఎదుటివాడి కంచె తెంచేవాడూ సాపరే. కంచె తెంచటానికి ప్రపంచ సైన్యాలన్నీ వాడిన పనిముట్టు "బెంగుళూర్ టార్పెడో". 1912లో మెక్లింటాక్ అనే కెప్టెన్ మద్రాస్ సాపర్ల ఊరైన బెంగుళూరులోనే దాన్ని తయారుచేశాడు. అందులో మంత్రమేమీ లేదు. పొడుగాటి గొట్టంలో పేలుడుమందు దట్టిస్తారు. దాన్ని కంచెకిందకు తోస్తారు. చాలకపోతే వెనకనుంచి మరో గొట్టం కలిపి తోస్తారు. నేలకు కరుచుకు పడుకుని వొకరికొకరు అందిస్తూ తోయాలి. పేలితే కంచెలో మనుషులు దూరేటంత దారి పడుతుంది.

ఇప్పుడు చిత్రంలోని కంచె ఎలా తెగుతుందో చూడండి. హరిబాబు ప్రాణత్యాగం చేస్తాడు. ఆ త్యాగం ఈశ్వర్ మనసు మారుస్తుంది. అంటే కులమనే కంచెను తెంచటానికి వొక మంచివాడి చావూ, వొక పెద్దింటివాడి పశ్చాత్తాపమూ కావాలన్నమాట. ఊరిలో కంచెకు అటూ ఇటూ వున్న వందలమంది చూస్తూ వుంటారు. కొట్లాటలో వాళ్లు గుంపు, సంతాపంలోనూ గుంపే. గుంజ పీకటానికి ఎవరి చేతిలోనూ పలుగు కనిపించదు. హరిబాబు తాత క్షురకవృత్తిలో వున్నాడని చిత్రం చెబుతుంది గాని, ఆ వృత్తి చేతులకు నేర్పిన నేర్పేమిటో, ఆ నేర్పు మనుమడికి సైన్యంలో ఎందుకైనా పనికివచ్చిందో లేదో చెప్పదు. అతన్ని పైకులంవాడంత అందంగా మాట్లాడేవాడిగా, అంతకన్నా బాగా పోరాడేవాడిగా చేసి గౌరవించింది. శ్రమచేసే కులంలోనుంచి నాయకుణ్ణి తెచ్చి శ్రమను మాత్రం గుమ్మం బయటే వుంచింది.

ఇందులో ఇంకొక విశేషం కూడా వుంది. హరిబాబు పోరాడిన ఇటలీలోనే, ఆ 1944లోనే, మద్రాస్ సాపర్ల సుబేదార్ సుబ్రమణ్యం చనిపోయాడు. చెంగల్పట్టు జిల్లావాడు, అంటే మనకు పక్కింటివాడు. 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీలో పనిచేసేవాడు. ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర తనవాళ్లతో కలిసి మందుపాతరలు వెదుకుతుండగా వొకడి కాలు మైనుమీద పడింది. అది పేలటానికి మధ్య కొద్ది సెకన్లు వ్యవధి వుంది. ఆ కొద్ది సెకన్ల విలువ ఎంతో ఆ పని తెలిసినవాడికే తెలుస్తుంది. సుబ్రమణ్యం ఆ మైనుమీద పడి దాన్ని తన వొంటితో కప్పాడు. తనవాళ్లు బతికారు. అతనికి జార్జ్ క్రాస్ ఇచ్చారు. విక్టోరియా క్రాస్ ఎందుకివ్వలేదంటే అది శత్రువు ఎదురుగా వుండగా చూపిన ధైర్యానికి ఇచ్చేది. పాతినవాడు అప్పటికే వెళ్లిపోయాడు గనుక శత్రువు లేనట్టే లెక్క! పతకాలిచ్చే ఆఫీసుకు కూడా మన సినిమా రచయితలకున్న ఇబ్బందే వున్నదన్నమాట. విలన్ ఎదురుగా నిలబడకపోతే వీరత్వాన్ని ఏ పద్దులో రాయాలో తెలియదు.

నా దగ్గర చదువుకునే వొక కుర్రవాడు ఈ మాటలన్నీ విని, "మాస్టారూ, మందుపాతర తీసేవాణ్ణి పెట్టి రెండున్నర గంటల సినిమా ఎలా తీస్తారండీ? నేలమీద పడుకుని మట్టి తోడుతూ వుంటే జనం లేచిపోరూ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కాని జవాబు లేని ప్రశ్న కాదు. 1953లోనే ఫ్రెంచి దర్శకుడు క్లూజో "వేజెస్ ఆఫ్ ఫియర్" తీశాడు. దక్షిణ అమెరికాలో వొక అమెరికన్ చమురు కంపెనీ బావి అంటుకుంటుంది. ఆ మంట ఆర్పటానికి నైట్రోగ్లిసరిన్‌ను కొండదారుల్లో లారీలమీద తేవాలి. కుదిపితే పేలుతుంది. కంపెనీ తన స్వంత మనుషులను పంపదు, కూలి దొరకక పడివున్న నలుగురిని పెట్టుకుంటుంది. ఆ చిత్రంలో లారీ మలుపు తిరగటమే సన్నివేశం. జనం లేచిపోలేదు సరికదా, 70 ఏళ్లు దాటినా చూస్తూనే వున్నారు. మన "కంచె" వచ్చిన 2015లోనే డెన్మార్క్‌లో "ల్యాండ్ ఆఫ్ మైన్" వచ్చింది. 1945లో యుద్ధం ముగిశాక జర్మన్ సైన్యం పాతిపోయిన మైన్లను సముద్రపు వొడ్డున ఇసుకలోనుంచి తీయటానికి, బందీలైన జర్మన్ కుర్రవాళ్లనే నియమిస్తారు. మీసాలు రాని పిల్లలు. ఆ ఇసుకలోకి దిగిన చేతివేళ్లను చూస్తూ ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టుకుంటాడు. శత్రువుమీద పగ ఎంతవరకు న్యాయమనే ప్రశ్న ఆ వేళ్లలోనుంచే పుడుతుంది, ఉపన్యాసంలోనుంచి కాదు.

ఇంకొక ఆక్షేపణ మన పత్రిక పాఠకులలోనే కొందరినుంచి వస్తుంది. భగతూ సుబ్రమణ్యమూ ఎవరి సైన్యంలో పనిచేశారు? బ్రిటిష్ సామ్రాజ్యంకోసం దారి బాగుచేసినవాళ్లను మనం ఎందుకు కీర్తించాలి? ఇది ఈనాటి ప్రశ్న కాదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టినప్పుడు కూడా వున్నదే. ఆ యుద్ధం ప్రజాయుద్ధమా, సామ్రాజ్యవాద యుద్ధమా అనే వివాదంలో మన పెద్దలు చీలిపోయారు, మిత్రులు మాట్లాడుకోవటం మానేశారు. నేను ఆ వివాదాన్ని ఇక్కడ తేల్చబోవటం లేదు. ఆ దారి ఎక్కడికి పోయిందో మాత్రం చూద్దాం. అబిసీనియాను ముస్సోలినీ 1935లో విషవాయువులతో, విమానాలతో ఆక్రమించాడు. 1941 మే 5న ఆ దేశపు చక్రవర్తి తిరిగి తన రాజధానిలో అడుగుపెట్టాడు. వొక బానిసదేశపు సైనికులు మరొక దేశపు బానిసత్వం వదిలించటంలో పాలుపంచుకున్నారు, తమ దేశానికి మాత్రం అదే బ్రిటిష్ జెండాకిందికి తిరిగివచ్చారు. ఇంతకన్నా నాటకీయమైన వైరుధ్యం ఏ కథకుడికి కావాలి? "కంచె" ఈ అంచుదాకా వచ్చింది. జర్మన్ల దురహంకారాన్ని చూపింది, మన కులాన్ని చూపింది, ఆ రెంటి మధ్యా భారతీయుణ్ణి ఇటలీకి పంపిన తెల్లదొరను మాత్రం అంతటి కళ్లతో చూడలేదు.

ఇదిగాక సాపర్‌ను దేవుణ్ణి చేయటం కూడా తప్పే. మందుపాతర తీసేవాడే మందుపాతర పాతేవాడు కూడా. 2001 డిసెంబరులో పార్లమెంటుమీద దాడి జరిగాక మన సైన్యం పంజాబు, రాజస్థాన్ సరిహద్దుల్లో రైతుల పొలాల్లో లెక్కలేనన్ని మైన్లు పాతింది. మళ్లీ వాటిని వెదికి తీయటానికి ఏళ్లు పట్టింది. ఆ పనిలో సాపర్లూ దెబ్బతిన్నారు, రైతులూ పశువులూ దెబ్బతిన్నారు. ఇలాంటి మైన్లను నిషేధించే 1997నాటి అంతర్జాతీయ ఒప్పందంలో మనదేశం చేరలేదు. కనుక సైన్యపు ఇంజనీరు కథను నిజాయితీగా చెప్పేవాడు పతకం దగ్గర ఆగిపోలేడు. నేర్పు వొకటే. అది ఎవరి చేతిలో, ఎవరి ఆజ్ఞమీద, ఎవరి పొలంలో అన్నదే కథ. భగత్ ప్రకటనలో కూడా వొక మాట వుంది, అతని వాహనం పేలినప్పుడు "ఇతరులు" దెబ్బతిన్నారని. ఆ ఇతరులకు అక్కడ పేర్లు లేవు. అధికారికి పేరు, సాపర్‌కు సంఖ్య. పతకం ఎంత నిజమైనదైనా, దానికీ వొక కంచె వుంది.

మన నిర్మాతలు, దర్శకులు ఈ కథను ఎందుకు చూడలేరు? తెలివితక్కువవాళ్లు గనుకనా? కాదు. కారణం వాళ్ల బుర్రల్లోకన్నా వాళ్లు చిత్రాలు తీసే చోటులోనూ, తీసే తీరులోనూ ఎక్కువగా వుంది. ఫిలింనగర్, జూబ్లీహిల్స్ ఇప్పుడు ఎత్తైన ప్రహరీగోడలు, చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన కార్లుగా కనిపిస్తాయి. కాని అదంతా నల్లరాతి గుట్ట. తెలుగు సినిమా మద్రాసునుంచి కదిలి హైదరాబాదులో కాళ్లూనుకుంటున్న రోజుల్లో, 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో లేచింది. తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు ఈ గుట్టలమీదికి వచ్చాయి. కొండ దానంతటదే వొంగి దారి ఇవ్వలేదు. రాతికి తొలులు పొడిచి, మందు దట్టించి పేల్చి, సమ్మెటతో చిన్నముక్కలు చేసి, తట్టల్లో మోసినవాళ్లున్నారు. రాతిపనే కులవృత్తి అయిన వడ్డెరలు, పొట్ట చేతబట్టుకుని నగరానికి వచ్చిన పాలమూరు కూలీలు. మందు ఎంత పెట్టాలి, ఎంత దూరం జరగాలి, పేలకుండా వుండిపోయిన రంధ్రం దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, ఇవన్నీ వాళ్లు బడిలో నేర్చుకోలేదు. సాపర్ కళను పతకాలు లేకుండా తరతరాలుగా చేసినవాళ్లు వీళ్లు. ఆ కొండమీద స్టూడియో కట్టి, అందులో కూర్చుని, ధైర్యమంటే ఏమిటా అని మనవాళ్లు విదేశీ చిత్రాల డీవీడీలు చూశారు.

అంతకన్నా దగ్గరి మనిషి ఇంకొకడున్నాడు. చాలాకాలం కిందట వొక చిత్రం యుద్ధసన్నివేశం తీస్తుంటే చూశాను. బనియన్ వేసుకున్న నడివయసు మనిషి తెల్లవారకముందునుంచీ నేలలో గుంటలు తీసి మందుపొట్లాలు పాతుతున్నాడు. పైన మట్టీ బొగ్గుపొడీ కప్పి, వొక్కొక్కదాని తీగనూ దూరంగా వున్న బల్లమీది మీటలదాకా లాగాడు. ఎక్కడ పాతాడో అక్కడ ముగ్గుపిండితో చుక్కపెట్టాడు. తరువాత హీరోగారి బదులు డూపును పిలిచి ఏ చుక్కకు ఎటుపక్కగా అడుగువేయాలో నడిపించి చూపాడు. షాటుకుముందు తానే తిరిగి చుక్కలన్నీ చెరిపాడు, తెరమీద కనిపించకూడదుగదా! పేలుళ్లు అయిపోయాక అందరూ చప్పట్లు కొడుతుంటే అతను వేళ్లమీద లెక్కపెట్టుకుంటున్నాడు, వొకటి పేలలేదని. దానికోసం మళ్లీ నేలమీద మోకాళ్లూనాడు. మూడు గంటలు వెతుక్కున్న కథానాయకుడు ఆ చిత్రబృందం కాళ్లముందే కూర్చుని వున్నాడు. కెమెరా మాత్రం అటు తిరగలేదు.

తిరగదు కూడా. ఎందుకంటే మన చిత్రపరిశ్రమలో పెట్టుబడి అంతా వొక్క ముఖంమీద పెట్టినది. ఖర్చులో పెద్దవాటా ఆ ముఖానిదే. పోస్టరు దానిది, మొదటిరోజు టిక్కెట్టు దానిది. సాపర్ నేలకు ముఖం ఆన్చి పనిచేస్తాడు, ముఖం కనిపించదు. వొక్కడుగా చేయడు, తీగ పట్టేవాడు, గుర్తు పెట్టేవాడు, కాపలా కాసేవాడు కలిసి చేస్తారు. ముఖం కనిపించనివాడు, వొంటరికానివాడు స్టారు కాలేడు. కృష్ణానగర్ గదుల్లోనుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే జూనియర్ ఆర్టిస్టులూ, లైట్‌మెన్లూ, ఫైటర్లూ తెరమీద ఎందుకు గుంపుగానే మిగిలిపోతారో, మందుపాతర తీసేవాడు మన కథలోకి ఎందుకు రాడో, రెండింటికీ కారణం వొకటే. 2025 ఆగస్టులో వేతనాల పెంపుకోసం ఈ కార్మికులు పనిమానేసినప్పుడు షూటింగులు నిలిచిపోయాయి. అన్నాళ్లూ దారి ఎవరు బాగుచేస్తున్నారో లారీలోవాళ్లకు అప్పుడు కొంచెం తెలిసివుంటుంది. ప్రజానాట్యమండలిలో పెరిగినవాళ్లు 1950లలో మద్రాసు సినిమాలోకి వెళ్లి నటులుగా, దర్శకులుగా ఎంతో చేశారు. కాని చిత్రంలో శ్రమకు తెరమీద చోటు సంపాదించటం మాత్రం వాళ్లవల్ల కూడా పూర్తిగా కాలేదు. వాళ్లను తప్పుపట్టి లాభంలేదు, పెట్టుబడి వాళ్లది కాదు.

చివరిగా "పరమవీరచక్ర" మాట. దాసరి నారాయణరావుగారి 150వ చిత్రం, 2011 సంక్రాంతికి వచ్చింది. నందమూరి బాలకృష్ణ అందులో రెండు పాత్రలు వేశారు. వొకటి సైన్యంలో మేజరు, రెండోది సినిమా హీరో! సైనికుడికీ సినిమా హీరోకూ తేడా ఏమిటని విచారించటానికి ఇంతకన్నా మంచి అవకాశం మన పరిశ్రమకు మళ్లీ రాదు. ఆ ఇద్దరిలో ఎవరి చేతులు దేనికి అలవాటుపడ్డాయో చూపినా చాలు, వ్యంగ్యచిత్రంగానో విషాదచిత్రంగానో అది నిలిచిపోయేది. కాని వొకే ముఖం రెండుసార్లు కనిపించటంతో ఆ అవకాశం తీరిపోయింది. సైనికుడు ఎంత స్టారో, స్టారూ అంత సైనికుడు.

నిజమైన పరమవీరచక్ర అందుకున్నవారిలో వొక సాపర్ వున్నాడు. కార్వార్ దగ్గరి చెండియా గ్రామంలో పుట్టిన రామా రాఘోబా రాణే. వొక పోలీసు కానిస్టేబులు కొడుకు. 1940లో మామూలు సాపర్‌గా చేరి, బర్మా యుద్ధంలో పనిచేసి, కిందినుంచి పైకి వచ్చాడు. 1948 ఏప్రిల్‌లో నౌషెరానుంచి రాజౌరీకి సైన్యం వెళ్లే దారిలో శత్రువు మైన్లు పాతి, చెట్లు నరికి అడ్డంవేసి, చుట్టూ గుట్టలమీదనుంచి కాలుస్తున్నాడు. ఏప్రిల్ 8న పని మొదలుకాగానే మోర్టారు గుండ్లకు అతని జట్టులో ఇద్దరు చనిపోయారు. రాణేతో సహా అయిదుగురు గాయపడ్డారు. అయినా 11వ తేదీదాకా ఆ దారిమీదనే వున్నాడు. మైన్లు తీశాడు, చెట్లు పేల్చాడు, రోడ్డు తెగినచోట పక్కదారి తీశాడు. 12న సైన్యం రాజౌరీ చేరింది. అతనున్నది బాంబే సాపర్ల 37వ అసాల్ట్ ఫీల్డ్ కంపెనీ.

ఆ నాలుగురోజుల్లో వొక సందర్భం వుంది. ముందుకు నడవటానికి వీల్లేకుండా కాల్పులు జరుగుతున్నప్పుడు రాణే కదులుతున్న ట్యాంకు కిందికి దూరాడు. దాని చక్రాలపట్టాల మధ్య పాకుతూ, దాంతోబాటు ముందుకు జరుగుతూ మైన్లకోసం చూశాడు. పైన డ్రైవరుకు అతని మాట వినపడదు. అందుకని రెండు తాళ్లు పట్టుకున్నాడు, ఆగమనటానికి వొకటి, కదలమనటానికి వొకటి. డ్రైవరుకు రాణే ముఖం కనిపించదు, రాణేకు డ్రైవరు ముఖం కనిపించదు. తాడుకు ఈ చివర వొకడి చేయి, ఆ చివర వొకడి చేయి.